మడత టెంటు ఫ్రేములో వదులైన కీళ్లకు బుష్ వేయడం

మడత టెంటు ఊగుతోందంటే చాలామంది ముందు స్పానర్ అందుకుంటారు. నట్టు బిగిస్తే కొన్నాళ్లు ఊపు తగ్గుతుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. లోపం బోల్టుది కాదు. కత్తెర పట్టీలుగా (ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ, మధ్యలో బోల్టుతో కలిసి కత్తెరలా తెరుచుకునే పట్టీలు) వాడే గొట్టాల గోడ మందం చాలా ఫ్రేముల్లో 1 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. 6 మి.మీ. బోల్టు ఆ సన్నటి అంచు మీదే ఆని కదులుతుంటే రంధ్రం కోలగా సాగిపోతుంది. బోల్టు మరలు ఉన్న భాగం సరిగ్గా రంధ్రంలో పడితే ఆకురాయిలా దాన్ని అరగదీస్తుంది. నట్టు ఇంకా బిగిస్తే బోలు గొట్టం లోపలికి నొక్కుకుపోతుంది, పట్టీ తిరగడం మానేస్తుంది. అలాంటి దాన్ని బలవంతంగా మడిస్తే ప్లాస్టిక్ బ్రాకెట్ చెవి విరుగుతుంది.

ముందు గుడ్డ తీసేసి ఫ్రేమును పూర్తిగా తెరవండి. ఒక కాలు పట్టుకుని ఊపుతూ, ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూడండి. కదలిక తెలిసిన చోటల్లా మార్కర్‌తో గుర్తు పెట్టండి. 3×3 మీటర్ల టెంటులో మామూలుగా ఒక్కో వైపు రెండేసి కత్తెరలు, అంటే నాలుగు వైపులా కలిపి 8 నడిమి కీళ్లు ఉంటాయి. ఇవి కాక కాళ్ల దగ్గర పట్టీ చివర్లు, ఒక్కో వైపు మధ్యలో రెండు కత్తెరలు కలిసే చోట్లు. అన్నిటినీ ఒకేసారి విప్పకండి, తిరిగి ఏ పట్టీ ఎటు వస్తుందో తెలియక చాలా అవస్థ. ఒక కీలు ముగించాకే రెండోదానికి వెళ్లండి.

రంధ్రం గుండ్రంగానే ఉండి నట్టు మాత్రమే వదులైతే కొత్త నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు) చాలు. పట్టీ ఆగిపోయేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. రంధ్రం కోలగా సాగితే బుష్, అంటే రంధ్రంలో దూర్చి దాని గుండా బోల్టు పంపే చిన్న గొట్టం ముక్క, వేయాల్సిందే.

కింది లెక్క 12×25 మి.మీ. పట్టీలకు, వెడల్పు ముఖం గుండా వెళ్లే 6 మి.మీ. బోల్టుకు. మీ గొట్టం కొలత వేరైతే బుష్ పొడవు, బోల్టు పొడవు మార్చుకోండి. ఒక్కో నడిమి కీలుకు కావలసినవి: బయటి వ్యాసం 8, లోపలి వ్యాసం 6 మి.మీ. ఉన్న ఉక్కు గొట్టం ముక్క, ఎం6×40 (6 మి.మీ. లావు, 40 మి.మీ. పొడవు) బోల్టు, నైలాక్ నట్టు, 6 మి.మీ. రంధ్రమూ 18 మి.మీ. వెడల్పూ ఉన్న వాషర్లు రెండు, 8 మి.మీ. రంధ్రమున్న 1 మి.మీ. మందపు నైలాన్ వాషర్ ఒకటి.

బుష్ పొడవులోనే పనితనమంతా ఉంది. రెండు పట్టీలు 24, మధ్య వాషర్ 1, మొత్తం 25 మి.మీ. బుష్ 25.5 ఉండాలి. ఆ అర మిల్లీమీటరు ఎక్కువ ఉండబట్టే నట్టు పూర్తిగా బిగించినా ఒత్తిడంతా బుష్ మీద పడుతుంది, పట్టీలు దాని చుట్టూ హాయిగా తిరుగుతాయి. పొట్టిగా కోస్తే మళ్లీ గొట్టమే నలుగుతుంది. కాస్త పొడవుగా కోసి, ఆకురాయితో రాస్తూ కొలతకు తెచ్చుకోండి.

రంధ్రాన్ని 8 మి.మీ.కు పెంచేటప్పుడు డ్రిల్ బిట్ కోల సాగిన వైపే జారుతుంది. కేంద్రం 2 మి.మీ. తప్పినా ఫ్రేము సరిగ్గా మడతపడదు. అందుకే 8 మి.మీ. రంధ్రం చేసిన చెక్క దిమ్మను పాత కేంద్రానికి సరిపెట్టి, క్లాంపుతో బిగించి, అందులోంచి డ్రిల్ చేయండి. లోపలి బొడిపెలు గీకేయండి. ఎదురు పట్టీకి కూడా అలాగే. రంధ్రం ఇప్పటికే 8 మి.మీ. దాటి సాగితే పట్టీ మార్చడమే మేలు. పైన ప్లేటు వేసి రివెట్లు కొడితే వాటి తలలు మడిచేటప్పుడు పక్క పట్టీకి తగులుతాయి.

పట్టీ చివర్లలో ఇంత శ్రమ అక్కర్లేదు. అక్కడ గొట్టం నోరు తెరిచే ఉంటుంది కాబట్టి 40 మి.మీ. పొడవు నైలాన్ ముక్కను లోపలికి బిగువుగా దిగేలా (1 మి.మీ. గోడ ఉంటే 10×23) కోసి దూర్చి, పాత రంధ్రం గుండా 6 మి.మీ. డ్రిల్ చేయండి. చెక్క వాడొచ్చు గానీ తడికి ఉబ్బుతుంది. ఇక్కడ మర లేని భాగం పొడవుగా ఉన్న బోల్టు ఎంచుకోండి.

పగిలిన నైలాన్ బ్రాకెట్‌ను జిగురుతో అతికించే ప్రయత్నం వృథా, నైలాన్‌కు మామూలు జిగురు పట్టదు. కొత్తది వేయండి. నట్టు ఊడకుండా వాడే థ్రెడ్‌లాకర్ ద్రవాన్ని ప్లాస్టిక్ దగ్గర వాడకండి, కొన్ని ప్లాస్టిక్‌లను అది పగులగొడుతుంది. ఫ్రేము అల్యూమినియందైతే ఉక్కు బుష్ చుట్టూ గ్రీజు పూయండి. తడిలో రెండు లోహాలు నేరుగా తగిలితే అల్యూమినియం తుప్పుపట్టి తరిగిపోతుంది.

ఎంత బలపరిచినా పైకప్పు మీద నీళ్లు నిలవనివ్వకండి: చదరపు మీటరులో 5 సెం.మీ. నీరు నిలిస్తే 50 కిలోలు. కీళ్లు గట్టిపడ్డాక ఆ బరువుకు ముందు వంగేది పట్టీలే. కాళ్లను నేలకు కట్టకుండా వదిలితే గాలికి టెంటు మొత్తం లేస్తుంది, అప్పుడు బుష్‌లేమీ చేయలేవు.

పని అయ్యాక గుడ్డ లేకుండా నాలుగైదుసార్లు తెరిచి మూయండి. ఎక్కడైనా పట్టేస్తే ఆ కీలు బుష్ పొట్టిదై ఉంటుంది, లేదా బొడిపె మిగిలి ఉంటుంది. విప్పినప్పుడల్లా నైలాక్ నట్టు కొత్తది వేయండి, పాతదాని నైలాన్ పట్టు తగ్గిపోతుంది.