మన దిక్కు పిట్టల ఫొటోలు, ప్రకృతి ఫొటోలు మంచిగ రావాలంటే ఎట్ల తీయాలె?

నల్గొండ, పాలమూరు దిక్కు కొత్తగ కెమెరా కొన్నోళ్లు ఎవరైనా ఫస్ట్ అడిగేది ఒకటే, "అన్నా, ఏ లెన్స్ తీసుకోవాలె?" అని. లెన్స్ సంగతి కూడ చెప్త, కానీ అది నాలుగో స్టెప్పు. ఫొటోల పిట్ట చిన్నగొస్తుందని అందరు లెన్స్ మీద పడ్తరు గని, అసలు తిప్పలు పిట్ట దూరముండుడు. ఆ దూరాన్ని పైసలు పెట్టి తగ్గించొచ్చు, కదలకుండ ఒక్కకాడ కూర్చొని కూడ తగ్గించొచ్చు. రెండోదానికి ఖర్చు లేదు, అందుకే ముందు అదే చెప్త.

1. దగ్గర్ల ఒక జాగ పట్టుకోండి

నెలకోసారి నల్లమలకు ఉరికే బదులు ఊరి చెరువుకే మళ్ల మళ్ల పోండి. నల్గొండోళ్లకు పానగల్ల ఉదయసముద్రం ఉంది, సూర్యాపేట దిక్కు మూసీ ప్రాజెక్టు, దేవరకొండోళ్లకు డిండి, పాలమూరోళ్లకు కోయిల్‌సాగర్, గద్వాల దిక్కు జూరాల. అవేవీ దగ్గర్ల లేకున్నా పర్వాలేదు, నీళ్లున్న చిన్న కుంట చాలు. మొదట్ల కెమెరా తియ్యకుండనే చూడండి, పొద్దు ఏ దిక్కు నుంచి వస్తుంది, బర్లు నీళ్లల్లకు ఎప్పుడు దిగుతయ్, లకుముకి పిట్ట ఏ మోడు మీద వాలుతుంది అని. లకుముకి చాపను పట్టుకొని మళ్ల అదే మోడు మీదికో అదే తీగ మీదికో వస్తది చాలాసార్లు, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

సీజన్ కూడ గుర్తువెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిల మోదుగు పూస్తది, తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు ఆ చెట్టు మీదనే ఉంటయ్. వానాకాలంల గిజిగాడు గూళ్లు అల్లుతది. బతుకమ్మ టైంకు తంగేడు. చలికాలం వలస బాతులు చెరువులల్ల దిగుతయ్.

2. టైము, వెలుతురు

పొద్దు పొడిచినంక ఒక రెండు గంటలు, మళ్ల సాయంత్రం పొద్దుగూకే ముందు గంటన్నర. మీ నీడ పిట్ట దిక్కు పడుతుందంటే వెలుతురు సరిగ్గ ఉన్నట్టు, పిట్ట కంట్ల చిన్న మెరుపు వస్తది, ఆ మెరుపు లేకపోతే ఎంత షార్ప్‌గ వచ్చినా ఫొటోల జీవముండదు.

మన దిక్కు ఇంకో సమస్య ఉంది, బండలు. ఎండకాలం తొమ్మిది దాటిందంటే బండల మీద, ఎండిన చెరువు శిఖం మీద వేడి ఆవిరి లేస్తది, గాలి వణుకుతుంటే దూరంల ఉన్న పిట్ట మీద ఫోకస్ కరెక్టుగ పడ్డా ఈకలు మెత్తగ, మసక మసకగ వస్తయ్. లెన్స్ ఖరాబైందనుకొని సర్వీస్ సెంటర్‌కు పోయేటోళ్లు ఉన్నరు. లెన్స్ మంచిగనే ఉంది, గాలే మంచిగ లేదు. ఎంత పెద్ద లెన్స్ వెట్టినా అది తగ్గదు, ఆ టైముల దగ్గర్ల ఉన్న తూనీగలో, సీతాకోకచిలుకో తీసుకోండి, లేకుంటే ఇంటికి పోయి అన్నం తినండి.

3. కిందికి దిగండి

నిలవడి తీస్తే పిట్ట ఎనక బురద, చెత్త, ప్లాస్టిక్ కవర్లు అన్ని ఫొటోల పడ్తయ్. పిట్ట కన్ను, మీ లెన్స్ ఒకే ఎత్తులకు వచ్చేటట్టు మోకాళ్ల మీద కూర్చోండి, వీలైతే బోర్ల పండుకోండి, అప్పుడు ఎనక ఉన్నదంతా దూరం జరిగి మెత్తటి రంగు లెక్క కనవడ్తది. ఏమీ కొనకుండ ఫొటోను ఇంతగనం మార్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు. పండుకునే ముందు గడ్డిని కర్రతోని తట్టండి, పాములుంటయ్.

తెల్ల అంగీ వద్దు, మట్టి రంగో ఆకుపచ్చో ఏసుకోండి. పిట్టలకు బర్లు అలవాటే, ట్రాక్టర్ అలవాటే, బండి మీద పోయేటోళ్లు అలవాటే. తిన్నగ తన మీదికి నడిచొచ్చే మనిషంటేనే భయం. అందుకే అడ్డంగ, ఎటో పోతున్నట్టు నడవండి, దాని దిక్కే చూడకండి, కొంచెం దూరంల కూర్చొని ఊకోండి. కారు ఉంటే ఇంకా మంచిది, ఇంజన్ బంద్ జేసి అద్దం దించి లోపల నుంచే తీయండి, దిగిన్రంటే మాత్రం లేచిపోతది.

4. ఇగ సామాన్లు

సెకండ్ హ్యాండ్ బాడీ (లెన్స్ లేని కెమెరా), దానికి 55-250 గాని 70-300 గాని మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ (నంబరు ఎంత పెద్దదైతే పిట్ట అంత దగ్గరగ కనవడ్తది), మొదటి రెండేండ్లకు ఇది ఎక్కువనే. చిన్న సెన్సర్ (బొమ్మ పడే చిప్పు, ఏపీఎస్-సీ అంటరు) ఉన్న బాడీల మీద 300 లెన్స్ పెడితే చూపు 450 లెక్క పనిచేస్తది, కెనాన్‌ల అయితే 480. 150-600 జూమ్‌లు మంచివే గని బరువు రెండు కిలోల దాకా ఉంటయ్, చేతుల్తోని ఎక్కువసేపు పట్టలేరు, మోనోపాడ్ (ఒంటికాలు స్టాండు) కావాలె. ఆ పైసలుంటే ముందు పెట్రోల్‌కు పెట్టి ఎక్కువసార్లు బయటికి పోండని నేనంట.

బీన్ బ్యాగ్ (లెన్స్ కింద పెట్టే గింజల సంచి) కొనకండి. పాత జీన్స్ కాలు కత్తిరించి ఒక మూతి కుట్టి, బియ్యమో బొబ్బర్లో పోసి రెండో మూతి కూడ కుట్టండి, కారు అద్దం మీద పెట్టినా గట్టు మీద పెట్టినా లెన్స్ కదలదు. ఒక ఎక్స్‌ట్రా బ్యాటరీ, వానకు పెద్ద పాలిథీన్ కవర్, లెన్స్‌ల డబ్బాల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), లేకుంటే వానాకాలం లోపల ఫంగస్ పడ్తది. ఏసీ కారుల నుంచి దిగంగనే లెన్స్ మీద ఆవిరి పట్టుకుంటది, తుడవకండి, బ్యాగులనే కొంచెంసేపు ఉంచి తీయండి.

ఫోన్ ఒక్కటే ఉంటే చెట్లు, పూలు, మబ్బులు, బండలు తీయండి, అండ్ల ఫోన్ ఏం తక్కువ కాదు. దూరం పిట్టను డిజిటల్ జూమ్ చేసి తీస్తే మాత్రం పిట్ట రాదు, మచ్చ వస్తది.

5. సెట్టింగులు: కరిగెటల కొంగలతోని నేర్చుకోండి

యాసంగి నాట్లప్పుడు ట్రాక్టర్ కేజ్ వీల్స్‌తోని కరిగెట (నాటుకు పొలాన్ని దున్ని బురద చేసుడు) చేస్తుంటే ఎనక పురుగుల కోసం తెల్లకొంగలు గుంపులు గుంపులు దిగుతయ్. ట్రాక్టరే పట్టని కొంగకు మీరేం పట్టరు, రైతుకు ఒక మాట చెప్పి గట్టు మీద కూర్చోండి, ప్రాక్టీసుకు ఇంత మంచి జాగ దొరకదు.

ఫస్ట్ తేలేది ఏందంటే కొంగ తెల్లగ పేలిపోతది, ఒక్క ఈక కూడ కనవడది. బురద నల్లగ ఉంది కదా, కెమెరా ఆ నలుపును చూసి ఫొటో మొత్తం తెలుపు చేస్తది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1కి తగ్గించండి, ఈకలు వస్తయ్. అదే కొంగ తెల్ల మబ్బు మీద ఎగురుతుంటే ఉల్టా, పిట్ట నల్లగైతది, ప్లస్ 1 పెట్టండి. స్క్రీన్ మీద తెల్లగ పేలినకాడ మిణుకుమిణుకుమనే హైలైట్ అలర్ట్ ఉంటది, ఆన్ చేసుకోండి.

షట్టర్ స్పీడు కూర్చున్న పిట్టకు సెకండుల 1/500 వంతు, ఎగిరేదానికి 1/2000 గాని అంతకు ఎక్కువ స్పీడు గాని. అపర్చర్ (లెన్స్ల వెలుతురొచ్చే రంధ్రం) ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 నడుమ. ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితం) ఆటోల పెట్టి 3200 లిమిట్ ఇయ్యండి, గ్రెయిన్ (ఇసుక లెక్క చుక్కలు) వస్తే రానియ్యండి, గ్రెయిన్ తగ్గించొచ్చు గని కదిలిన ఫొటోను ఏం చేయలేం. ఫోకస్ కంటిన్యువస్ (కదిలే పిట్ట ఎంబడి పోయేది), షాట్లు బర్స్ట్ (ఒక్క నొక్కుకు వరుసగ చాలా ఫొటోలు), ఫైలు రా ఫార్మాట్ (RAW, తర్వాత సరిచేసుకునేటందుకు). ఫోకస్ పాయింటు పిట్ట కన్ను మీద. చిన్న తెల్లకొంగకు కాళ్లు నల్లగ, పాదాలు పసుపుగ ఉంటయ్, బురదల నుంచి పాదం పైకి తీసినప్పుడే ఆ పసుపు కనవడ్తది, గా క్షణం కోసం బర్స్ట్ కొట్టండి.

ఇది చేతికొచ్చినంక పాలపిట్ట. కరెంటు తీగ మీద కూర్చుంటే అంత అందంగ అనిపియ్యది, రెక్కలు ఇప్పితేనే ఆ నీలమంత బయటవడ్తది. తీగ మీదికెళ్లి కిందికి చూస్తుంటది, పురుగు కనవడంగనే దిగి పట్టుకొని పైకొస్తది, చాలాసార్లు అదే జాగకు. దిగేటప్పుడు ఎన్కనే కెమెరా ఉరికించకండి, కూర్చున్న జాగ మీద ఫోకస్ పెట్టి ఆగండి, వాలెటప్పుడు రెక్కలు మొత్తం ఇప్పుతది. ముందు దిక్కు ఫ్రేముల ఖాళీ ఉంచండి.

6. చెట్లు, జలపాతాలు, బండలు

నల్లమలల ఉన్న మల్లెలతీర్థం జలపాతంల నీళ్లు పాల లెక్క రావాలంటే ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/11, షట్టర్ 1/4 నుంచి ఒక సెకండు. ఎండ పడ్తే కుదరదు, మబ్బు రోజో నీడనో చూడండి. పోలరైజర్ ఫిల్టర్ తిప్పుతే తడి బండల మీద, ఆకుల మీద మెరుపు పోయి అసలు రంగు వస్తది.

పిల్లలమర్రి (పాలమూరు కాడి పెద్ద మర్రిచెట్టు) కూడ మబ్బు రోజే తీయండి, ఎండల ఆకుల సందుల్ల తెల్ల చుక్కలు పడి ఫొటో గందరగోళం. ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మ కూలితే 2018ల సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించి బతికించిన్రు, ఊడలు పట్టుకొని ఊగే ఫొటోలు ఇగ చాలు.

7. అడవిల, పొలంల, బాయికాడ

అమ్రాబాద్ టైగర్ రిజర్వుల సఫారీ బండి దిగొద్దు, ఫ్లాష్ వద్దు, పర్మిషన్ లేకుండ డ్రోన్ లేపొద్దు. మక్తల్, కృష్ణా దిక్కు కృష్ణజింకలు చేలల్లనే కనవడ్తయ్, గని పంట పోయిన రైతు కోపంల ఉంటడు, అడగకుండ చేన్ల అడుగు పెట్టకండి.

గిజిగాడి గూళ్లు చాలావరకు బాయి మీదికి వంగిన ఈత చెట్లకే ఏలాడ్తయ్, మన దిక్కు బాయిలకు చాలా వాటికి ఒరలు గూడ ఉండయ్. కంటికి కెమెరా పెట్టుకొని అడుగు ఎనక్కి ఏయొద్దు, అంతే. గూడు మంచిగ కనవడాలని కొమ్మ కొట్టొద్దు, ఆకు కూడ జరపొద్దు, గూడు బయటవడ్తే కాకులకు దొరుకుతది.

8. ఇంటికొచ్చినంక

నీళ్ల గీత వంకరుంటే సరి చేయండి, కొంచెం క్రాప్, కొంచెం నీడలు లేపుడు, చాలు. పాలపిట్ట నీలానికి సాచురేషన్ (రంగు గాఢత) పెంచితే ఈకల గీతలు కలిసిపోతయ్, పెంచకండి. పోస్ట్ చేసేటప్పుడు గూడు, గుడ్లగూబ ఉంటే లొకేషన్ తీసేయండి, గుడ్లగూబలను దీపావళి ముందు పట్టేటోళ్లు ఉంటరు, ఊరి పేరు కూడ రాయకండి, జిల్లా పేరు చాలు.