వానలు పట్టకముందే బాత్రూమ్ తలుపు అడుగు చూడండి

బాత్రూమ్ తలుపు కిందినుంచే పాడవుతుంది. మా ఇంట్లో పైకి రంగు చెక్కు చెదరకుండా కనిపించిన తలుపు, ఒకరోజు తుడుస్తుంటే గోరు తగిలి అడుగున బెత్తెడు మేర టీలో నానిన బిస్కెట్‌లా విడిపోయింది. బిగించేటప్పుడు గడపకు తగులుతోందని అడుగు చివ్వి, ఆ పచ్చి అంచుకు రంగు వేయకుండా వదిలేశారు. చెక్క నీళ్ళు పీల్చేది ఎక్కువగా పోగులు తెగిన కొసల నుంచే.

కొత్తగా చేయించేవాళ్ళు టేకు అనగానే నిశ్చింతగా ఉండకండి, తడికీ చెదలకూ తట్టుకునేది మాను నడిమిలో ఉండే ముదురు రంగు చేవ మాత్రమే, దాని చుట్టూ ఉండే తెల్లటి భాగం టేకుదైనా పుచ్చిపోతుంది, అందుకే అడితిలో చెక్కను తిప్పి నాలుగు పక్కలా చూసుకోవాలి. వేగిస చేవ కూడా గట్టిదే. మామిడి, రబ్బర్ వుడ్ అస్సలు వద్దు. ద్వారబంధానికైతే నా ఓటు గ్రానైట్‌కే.

వాష్‌బేసిన్ కింద అలమరకు ప్లైవుడ్ కొంటుంటే షాపువాడు వాటర్‌ప్రూఫ్ అన్నాడని నమ్మకుండా, షీట్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) అన్న ముద్ర ఉన్నాయో లేదో చూడండి. 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదన్నది ఆ గ్రేడుకు పరీక్ష. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) అని ఉంటే అది గాలిలో తేమ వరకే, నీళ్ళకు కాదు. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక ఒకసారి ఉబ్బిందంటే మళ్ళీ అణగదు.

ఉన్న తలుపును కాపాడుకోవాలంటే మే నెలే మంచి అదను, చెక్క బాగా ఎండి ఉంటుంది. బందులు ఊడదీసి తలుపు పడుకోబెట్టి, అడుగు అంచుకూ పై అంచుకూ ప్రైమర్, దానిమీద రెండు పూతలు పెయింట్ వేయించండి. తడిగా ఉన్నప్పుడు మాత్రం వేయించొద్దు, తేమ లోపలే చిక్కుకుని కుళ్ళు ఇంకా ముదురుతుంది. పుచ్చిన చోట రేకు కొట్టించడం చాలామంది చేసే పని, కానీ మేకు రంధ్రాల్లోంచి దిగిన నీళ్ళు ఆ రేకు వెనక ఆరవు. పుచ్చు కోసేసి, గట్టి చెక్క అతికించి, ఆ తర్వాతే రేకు.

ఆగస్టులో తలుపు బిగుసుకుపోతే కంగారుపడి ఎక్కువ చివ్వించకండి, వేసవికి చెక్క మళ్ళీ ముడుచుకుని సందు పడుతుంది. ఒకవేళ చివ్విస్తే, వాన తెరిపిచ్చి చెక్క ఆరగానే ఆ పచ్చి అంచుకు రంగు వేయించి తీరాలి.