డిస్క్ బ్రేకున్న మౌంటెన్ సైకిల్‌కు వెనక క్యారియర్: నా అనుభవం

విజయనగరం నుంచి రామతీర్థానికి సంచితో వెళ్లాలని మౌంటెన్ సైకిల్‌కు క్యారియర్ బిగించబోతే, దాని ఎడమ కాలు డిస్క్ బ్రేకు కాలిపర్‌కు (చక్రం పక్కనున్న డిస్కును నొక్కి ఆపే భాగానికి) అడ్డుపడింది. పైన, సీటు కింది గొట్టాలకు బోల్టు రంధ్రాలే లేవు. తీగతో కట్టడం, కాలును వంచడం, సీటు గొట్టానికి బిగించే రకం వాడడం, ఇవేవీ నిలవలేదు.

ముందుగా ఇరుసు పక్కనున్న రంధ్రాల్లో, ఫ్రేముకూ క్యారియర్ కాలుకూ మధ్య కాలిపర్‌ను దాటేంత మందం గల అల్యూమినియం స్పేసర్లను (ఎడం కోసం పెట్టే బోలు ముక్కలను) రెండు వైపులా సమానంగా ఉంచి, వాటికి తగినంత పొడవైన ఎం5 (5 మి.మీ. మందం) బోల్టులను చేతితోనే వదులుగా ఎక్కించాను. కుడివైపు బోల్టు కొన లోపలికి పొడుచుకొని వస్తే చైను చిన్న పళ్లచక్రం మీదికి దిగినప్పుడు రాసుకుంటుంది కనుక పెడల్ తిప్పి చూడాలి. తరువాత రంధ్రాలు లేని ఆ సీటు కింది గొట్టాలకు రబ్బరు పొర ఉన్న క్లాంపులు (గొట్టాన్ని చుట్టి పట్టే పట్టీలు) తొడిగి, క్యారియర్ సమంగా నిలిచాకే అన్నింటినీ అలెన్ కీతో కొంచెం కొంచెంగా బిగించాను.

నాది అల్యూమినియం ఫ్రేము. కార్బన్ ఫ్రేముకు క్లాంపులు వేయవద్దు. స్పేసర్ మందం పెరిగేకొద్దీ బోల్టు మీద ఒత్తిడి పెరుగుతుంది కనుక, బట్టల సంచికి సరిపోయిన ఈ అమరిక బియ్యం మూటకు ఆగుతుందని నేను చెప్పలేను.