ఇంట్లోనో అపార్ట్‌మెంట్‌లోనో క్విజ్ పెడుతున్నారా, ప్రశ్నలు ఇలా తయారుచేసుకోండి

సంక్రాంతికో వినాయక చవితికో అందరూ ఒకచోట చేరగానే క్విజ్ పెడదాం అంటారు, ఆ పని మీద పడ్డవాళ్ళు నెట్‌లో దొరికిన వంద ప్రశ్నలు దించేసుకుని వరసగా చదివేస్తారు, పావుగంటలో పిల్లలు ఫోన్లు తీస్తారు, పెద్దవాళ్ళు టీ అంటూ లేస్తారు. మా కాంప్లెక్స్‌లో కొన్నేళ్ళుగా ప్రశ్నలు రాసేది నేనే, నాకు అర్థమైంది ఒక్కటే: జవాబు తెలియనివాడు కూడా కాసేపు ఆలోచించి దాని దగ్గరకి రాగలిగితేనే అది మంచి ప్రశ్న. తెలిస్తే తెలుసు లేకపోతే లేదు అనే ప్రశ్నలు పరీక్షలకి సరిపోతాయి, పండక్కి పనికిరావు.

ముందు జవాబు ఎంచుకుని తర్వాత ప్రశ్న కట్టండి. ఉదాహరణకి డబ్బు రౌండ్‌లో "పదహారణాల తెలుగమ్మాయి అంటాం కదా, ఆ పదహారు ఎక్కడిది?" అని అడిగా. కుర్రాళ్ళు నగలన్నారు, వయసన్నారు, ఈలోగా వెనక కూర్చున్న ఒక అమ్మమ్మగారు "రూపాయికి పదహారణాలు రా, అంటే నిండు రూపాయి అని" అన్నారు. అక్కడితో ఆగకుండా ఆ రూపాయికి పైసలెన్ని అని అడిగితే అందరూ వంద అని అరిచారు, ఆవిడ మాత్రం 64 అన్నారు. కరెక్టే, అణాకి నాలుగు పైసలు, 1957 ఏప్రిల్ 1 నుంచే వంద నయాపైసల లెక్క వచ్చింది. ఆ తర్వాత అరగంట ఆవిడ చుట్టూ పిల్లలే.

చేతిలో పట్టుకునే వస్తువు మీద ప్రశ్న అడిగితే ఇంకా బాగుంటుంది. అందరినీ పర్సులోంచి ఒక నోటు తీయమనండి, వెనకవైపు భాషల పట్టీలో తెలుగు పైనుంచి ఎన్నోదో చూడకుండా చెప్పమనండి (మొత్తం 15 భాషలు, మనది 14వది, కింద ఉర్దూ ఒక్కటే). ఆ వరస ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటుందని చెప్తే వెంటనే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. రూపాయి నోటు ఎవరి దగ్గరైనా ఉంటే దాని మీద సంతకం ఎవరిదో అడగండి, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అంటారు, కాదు, కేంద్ర ఆర్థిక శాఖ కార్యదర్శిది.

ఫ్యాషన్ రౌండ్‌కి ఒక పోచంపల్లి చీర తెచ్చి తిప్పండి. లోపలివైపు తిరగేసినా డిజైన్ అలాగే కనిపిస్తుంది, అంచుల్లో రంగు కొంచెం చెదిరినట్టుంటుంది, ఎందుకో చెప్పండి అని అడగండి. నేతకి ముందే నూలుకి ముడులు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి, బట్ట మీద అద్దింది కాదు కాబట్టి. నాకు ఇంకా ఇష్టమైంది మాడపొల్లం. ఇంగ్లీషు డిక్షనరీల్లో ఉన్న ఒక నూలుబట్ట పేరు ఇది, మన నర్సాపురం దగ్గర మాధవాయిపాలెం నుంచి వచ్చింది, అక్కడ ఈస్టిండియా కంపెనీ వాళ్ళ వ్యాపార కేంద్రం ఉండేది. పేరు చెప్పి మీ ఊరి పక్క ఊరే కనుక్కోండి అంటే గోదావరి వాళ్ళు ఊరుకోరు, ఊళ్ళ పేర్లన్నీ చదివేస్తారు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ప్రశ్నకి రెండు జవాబులు ఉండకూడదు. నేను ఒకసారి "హీలియం కనిపెట్టింది ఎవరు" అని అడిగా, ఒకరు జాన్సెన్ అన్నారు, ఒకరు లాక్యర్, ఒక లెక్చరర్ గారు రామ్సే అన్నారు. సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే దాని గీతని పట్టుకున్నందుకు మొదటి ఇద్దరి పేర్లూ చెప్తారు, భూమి మీద దాన్ని వేరుచేసి చూపించింది 1895లో రామ్సే, ఎవరికి మార్కు ఇవ్వాలి? తప్పు ప్రశ్నదే, ముగ్గురికీ ఇచ్చేశా. తర్వాత దాన్ని ఇలా మార్చా: 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ మన ఆంధ్రాలో ఒక ఊరికి వచ్చాడు, ఆ గ్రహణంతో ముడిపడ్డ మూలకానికి గ్రీకులో సూర్యుడి పేరే పెట్టారు, ఊరేది, మూలకమేది? గుంటూరు, హీలియం. సైన్సు తెలిసినవాళ్ళకి ఒకటి తగులుతుంది, ఊళ్ళు తెలిసినవాళ్ళకి ఇంకోటి, టీమ్‌లో ఇద్దరూ మాట్లాడుకోవాల్సి వస్తుంది.

పాత పుస్తకం ఒక్కటి చూసి రాసేయకండి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931లో వచ్చిందని చాలాకాలం రాశారు, తర్వాత పరిశోధనలో 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. కనీసం రెండుచోట్ల సరిచూసుకోవాలి, అనుమానముంటే ఆ ప్రశ్న తీసేయడమే మంచిది.

సెలబ్రిటీల్లో పెళ్ళిళ్ళు, వయసులు వద్దు, చేసిన పని అడగండి. నాటు నాటుకి 2023లో ఆస్కార్ వస్తే కీరవాణి గారితో పాటు స్టేజీ మీద అవార్డు అందుకున్నది ఎవరంటే సగంమంది పాడినవాళ్ళ పేర్లు చెప్తారు, అది పాట రాసిన చంద్రబోస్ గారు. అలాగే ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన శ్రీకాకుళం అమ్మాయి, 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరి, ఇది పదేళ్ళ పిల్లలకి తప్పకుండా తెలియాలి.

సాహిత్యానికి ఒకటి రెండు చాలు. తెలుగులో జ్ఞానపీఠం అందుకున్న ముగ్గురినీ (విశ్వనాథ, సినారె, రావూరి భరద్వాజ) టీమ్ మొత్తం కలిసి చెప్పాలి అని పెట్టండి, మూడో పేరు దగ్గర అందరూ ఆగుతారు, అప్పుడు "బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన రచయిత" అని చిన్న క్లూ ఇవ్వండి.

మొత్తం ఇరవై ప్రశ్నలు దాటనివ్వకండి, మొదటి రెండూ తేలిగ్గా ఉండాలి. టై అయితే అంకె అడిగి, దగ్గరగా చెప్పినవాళ్ళకి ఇచ్చేయండి: రిజర్వ్ బ్యాంక్ ఏ సంవత్సరంలో మొదలైంది? 1935. జవాబుల కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకోండి, టేబుల్ మీద వదిలితే పిల్లలు చదివేస్తారు.