జాతకం చెప్పే బరువు మెషీన్: రూపాయి మింగుతుంది, టికెట్ ఇవ్వదు

రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేది చూడండి, అట్టముక్క మీద ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం ఇచ్చే పాత మెషీన్, అది కొన్నవాళ్లందరూ అడిగేది ఇదే: లైట్లు వెలుగుతాయి, చక్రం తిరుగుతుంది, రూపాయి గలగలమంటూ కిందికి పోతుంది, టికెట్ మాత్రం రాదు. బల్బులు, మోటారు, వైరింగ్ అన్నీ చూశాం, లాభం లేదు.

అసలు తేడా నాణెంలోనే. 1980ల చివరి నాటి రూపాయి బిళ్ల 6 గ్రాములు, 2011లో వచ్చింది 3.79 గ్రాములే. నాణెం పడగానే వంగాల్సిన లోపలి కాడకు (లీవర్‌కు) ఆ బరువు చాలదు.

ముందు ప్లగ్ పీకేయండి. వెనక తలుపు తీసి, నాణెం జారే రేకు దారిని కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. నాదాంట్లో గ్రీజూ దుమ్మూ కలిసి నల్లగా గడ్డకట్టింది. తర్వాత, నాణెం పడే ఆ కాడకు రెండో కొసన మరతో బిగించిన బరువు ఉంటుంది. మర వదులు చేసి ఆ బరువును ఇరుసు వైపు కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిసారీ కొత్త రూపాయిని కాడ మీద వదిలి చూడాలి. కాడ పూర్తిగా వంగాలి, బిళ్ల జారిపోయాక తనంతట తనే లేవాలి. లేవలేదంటే ఎక్కువ జరిపారు, కాస్త వెనక్కి తేవాలి. అక్కడ బిగించి ప్లగ్ పెడితే ఠక్కున టికెట్ పడింది. ధనయోగం ఉందట, ఈ మెషీన్ మీద పెట్టిన ఖర్చు దానికి తెలీదు పాపం!

కాడ బదులు స్విచ్ ఉన్న మెషీన్లకు ఇది పనిచేస్తుందని చెప్పలేను. వానాకాలంలో అట్టలు ఉబ్బి ఇరుక్కుంటే అది వేరే రోగం.