ఎలక్షన్లప్పుడు ఆశా యూనియన్ వాళ్లు క్యాండిడేట్ దగ్గర హామీ కాగితం మీద సంతకం ఎలా తీసుకోవాలి?

ఎలక్షన్ వస్తే మన యూనియన్లలో ఒకటే తంతు. ముప్పై డిమాండ్ల వినతిపత్రం, ఒక శాలువా, ఒక ఫోటో, వాట్సాప్ గ్రూప్‌లో "అన్న హామీ ఇచ్చారు" అని మెసేజ్. గెలిచాక అన్న ఫోన్ ఎత్తడు. ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా. ఆశాల గురించే రాస్తున్నా గానీ ఏఎన్ఎంలకీ 108 వాళ్లకీ కూడా చాలావరకు పనికొస్తుంది.

కావాల్సినవి: మండలాలవారీగా మెంబర్ల లిస్టు, తీర్మానాల పుస్తకం, ఒక కాగితం, కొంచెం డబ్బు. డబ్బు మాత్రం జనరల్ ఫండ్‌లోంచి తీయకండి. రాజకీయ ఫండ్ వేరేగా పెట్టాలి, ఇష్టమున్నవాళ్లే ఇవ్వాలి, ఇవ్వనివాళ్లని పక్కన పెట్టకూడదు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం నుంచీ ఉన్న రూలే ఇది.

స్టెప్ 1. ఏ ఎలక్షనో చూసుకోండి. సర్పంచ్‌ని జీతం పెంచమని అడిగేవాళ్లని చూస్తే నాకు తల నొప్పి. ఆంధ్రలో 2019 జూన్‌లో ఆశాల జీతం 3 వేలు 10 వేలు అయ్యింది ముఖ్యమంత్రి నిర్ణయంతో, 2025 మార్చిలో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు వచ్చింది కూడా అక్కడినుంచే. సర్పంచ్‌ని అడగాల్సినవి వేరే ఉన్నాయి, సబ్ సెంటర్‌కి నీళ్లు, కరెంటు, గ్రామ ఆరోగ్య కమిటీ మీటింగ్ టైముకి పెట్టడం. పంచాయతీకి పార్టీ గుర్తులుండవు కాబట్టి మీరూ జెండాలు తీసుకెళ్లకండి.

స్టెప్ 2. డిమాండ్ ఒక్కటే. రెండైతే సర్లే, మూడోది వద్దు.

స్టెప్ 3. ఎవరు వెళ్లాలి? రెగ్యులర్ స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు వెళ్లొద్దు. వాళ్లకి ప్రభుత్వ ఉద్యోగుల 1964 కండక్ట్ రూల్స్ ఉన్నాయి, ఓటు వెయ్యొచ్చు గానీ ప్రచారం చెయ్యకూడదు, పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఏ కింద జైలు దాకా ఉంది. ఆశాలని జీతం అడిగినప్పుడు వాలంటీర్లంటారు, ఎలక్షన్ రాగానే మాత్రం "మీరు గవర్నమెంటు మనుషులు, నోరెత్తొద్దు" అంటారు! ఎందుకైనా మంచిది, యూనిఫాం చీర ఇంట్లో పెట్టి, డ్యూటీ లేని టైములో వెళ్లండి.

స్టెప్ 4. సంతకం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే వెళ్లండి, అంతకుముందు వెళ్తే సగంమంది బరిలోనే ఉండరు. అందరి దగ్గరికీ వెళ్లాలి, ఓడిపోతాడని తెలిసినా సరే. పొద్దున్నే ఇంటికి, నలుగురే, టీ తాగొద్దు, శాలువా అసలొద్దు. శాలువా కప్పాక మళ్లీ ప్రశ్న ఎట్లా అడుగుతాం చెప్పండి?

కాగితం మీ చేత్తో రాసి తీసుకెళ్లండి, వాళ్ల పీఏ రాస్తే "సానుకూలంగా పరిశీలిస్తాం" అనే ఉంటుంది, దాన్ని చించి అవతల పారెయ్యండి. "ఆశాలకి నెలకి 18 వేలు ఇప్పిస్తాను" అని కూడా రాయించొద్దు, ఒక్క ఎమ్మెల్యే చేతిలో అది లేదు, రేపు అదే సాకు చెప్తాడు. ఆయన ఒక్కడే చేయగలిగింది రాయండి: "గెలిస్తే మొదటి అసెంబ్లీ సమావేశాల్లోనే ఆశాల ఫిక్స్‌డ్ వేతనం మీద ప్రశ్న వేస్తాను." కింద సంతకం, తేదీ, అంతే. "మీకే ఓటేస్తాం" అన్న మాట కాగితంలో రాకూడదు, నోటితో కూడా అనకండి. చీరలు, కవర్లు ముట్టుకోవద్దు, ఓటు కోసం ఇచ్చినోడిదే కాదు తీసుకున్నోళ్లదీ నేరమే.

ఇంకో ఉచ్చు ఉంది. సంతకం పెడుతూ "అక్కా, మీరు ఇంటింటికీ తిరుగుతారు కదా, ఈ కరపత్రాలు కూడా పంచేయండి" అంటాడు. లేదంటే బీపీ షుగర్ సర్వేలో ఉన్న ఫోన్ నంబర్లు అడుగుతాడు. ఇవ్వొద్దంటే ఇవ్వొద్దు. ఆ నంబర్లు మనవి కావు, జబ్బు గురించి నమ్మి చెప్పినవాళ్లవి. ఈ రోజు ఒక పార్టీ కాగితం పట్టుకుని వెళ్తే రేపు అవతలి పార్టీ ఇంట్లో గర్భిణి మీకు తలుపు తీయదు. కొన్ని యూనియన్లు గంపగుత్తగా ఒక పార్టీకి మద్దతు ప్రకటించేస్తాయి, పేపర్లో ఫోటో వస్తుంది బాగానే ఉంటుంది, ఆ పార్టీ ఓడితే ఐదేళ్లు కలెక్టరేట్ ముందు టెంటే. నా పద్ధతిలో ఎవరు గెలిచినా ఒక కాగితం మన చేతిలో ఉంటుంది.

సంతకం పెట్టకపోతే గొడవ పడకండి, "పెట్టలేదు" అని రాసుకుని రండి.

స్టెప్ 5. ఎవరు పెట్టారో ఎవరు పెట్టలేదో కరపత్రం వేయండి. ప్రింటర్, పబ్లిషర్ పేరూ అడ్రస్ కింద ఉండాల్సిందే, అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెప్పేది ఇదే. "ఫలానా ఆయనకి ఓటెయ్యండి" అని వేస్తే ఆయన రాతపూర్వక అనుమతి కావాలి, ఆ ఖర్చు ఆయన లెక్కలోకి పోతుంది, కాబట్టి ఆ వాక్యం పెట్టకండి. ఆఖరి 48 గంటలు పూర్తిగా ఆపేయండి.

స్టెప్ 6. పోలింగ్ రోజు చాలామందికి బూత్ దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లతో డ్యూటీ పడుతుంది. వేరే ఊళ్లో పడితే ఆర్డర్ కాగితం మీద అడగండి, పోస్టల్ బ్యాలెట్‌కి ఫారం 12 ముందే పెట్టుకోండి. నోటిమాట డ్యూటీకి వెళ్తే మీ ఓటే పోతుంది.

స్టెప్ 7. గెలిచినాయనకి మొదటి నెలలోనే జిరాక్స్ ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఒరిజినల్ మాత్రం ఆఫీసు బీరువాలోనే ఉండాలి, ప్రెసిడెంట్ గారి ఇంట్లో కాదు.