మినియేచర్ బొమ్మలకు రంగు వేసే ముందు జాగ్రత్తలు

వెలుతురు బాగుండాలి, కత్తి పదునుగా ఉండాలి వంటివి మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

• రెసిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి పదార్థం) బొమ్మను పొడిగా రుద్దకండి. ఆ సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీటిని తట్టుకునే ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దండి, ధూళిని ఆపే మాస్కు పెట్టుకోండి. బొమ్మ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు.

• అచ్చు భాగాలు కలిసిన చోట మిగిలే గీతను కత్తి వీపుతో గీకేయండి. ముందు నున్నగానే కనిపిస్తుంది. పలుచని ముదురు రంగు పారించగానే ముఖం మధ్యలో తేలుతుంది. కంటిని నమ్మకుండా గోరుతో తడిమి చూడండి. బొచ్చు, జుట్టు మీద కొంచెం మిగిలినా ఫరవాలేదు, ముఖం, కవచం మీద మాత్రం రాజీ పడకండి.

• రెసిన్‌ను గోరువెచ్చని సబ్బునీటితో కడగండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మీద రంగు నిలవదు. మరీ వేడినీళ్లయితే సన్నని ఈటెలు వంగిపోతాయి.

• అతుకుల సందులను పుట్టీతో ఇప్పుడే పూడ్చండి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పునాది పూత) వాటిని దాచదు, ఎత్తి చూపుతుంది.

• డాలు వెనక్కి కుంచె చేరుతుందా? చేరకపోతే విడిగా రంగు వేసి తర్వాత అతికించండి. అతుకు పడే చోట రంగు తగలనివ్వకండి. ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది, రంగు అడ్డొస్తే పట్టదు.

• గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే ప్రైమర్ వద్దు, పొర గరుకుగానో మసకగానో తేలుతుంది. డబ్బాను బాగా కుదిపి, 20–30 సెంటీమీటర్ల దూరం నుంచి, గాలి ఆడే చోట పలుచగా కొట్టండి.

• పాత రంగు తీయడానికి అసిటోన్ లోహపు బొమ్మలకే. ప్లాస్టిక్ కరిగిపోతుంది.